పురావస్తు కట్టడాలపై, పాటిదిబ్బలపై మొక్కల నివారణ: సేద్య శాస్త్ర దృక్పథం

కోట బురుజు రాళ్ళ సందులోనో, పాత ఆలయ శిఖరం మీదనో వేలెడంత రావి మొక్క కనిపించడం తెలుగు ప్రాంతాలలో సాధారణ దృశ్యం. ఉత్సవానికి ముందో, తనిఖీకి ముందో దానిని కొడవలితో కోసివేస్తారు. మరుసటి ఏడు అదే చోట మూడు నాలుగు పిలకలు లేస్తాయి. వాటినీ కోస్తారు. పదేళ్ళ తరువాత పైకి మాత్రం చిటికెన వేలి లావు కొమ్మలే కనిపిస్తాయి. గోడ లోపల వేరు మోచేతి లావుకు చేరి ఉంటుంది. ఏటా శుభ్రం చేసినట్లు దస్త్రంలో నమోదవుతూనే ఉంటుంది, గోడ మాత్రం ఏటా కొంత విచ్చుకుంటూనే ఉంటుంది.

ఇటువంటి చెట్టును చంపడానికి ఏ మందు కొట్టాలన్న ప్రశ్న గ్రామ పంచాయతీల నుండి, దేవాలయ కమిటీల నుండి ఏరువాక కేంద్రాలకూ కృషి విజ్ఞాన కేంద్రాలకూ వస్తుంది. పొలం గట్టు మీది చెట్టుకు చెప్పే సమాధానమే దీనికీ చెబితే చెట్టుతో పాటు కట్టడానికీ హాని జరుగుతుంది. పంట పొలంలో కలుపు యాజమాన్యం మూడు సౌకర్యాల మీద ఆధారపడి ఉంది: నేలను కదిలించవచ్చు, మొక్కను వేరుతో పెకలించవచ్చు, మందును ఆకుల మీద పిచికారీ చేయవచ్చు. పురావస్తు స్థలంలో ఈ మూడూ నిషిద్ధాలే. పైగా పంట ఒక కారు దెబ్బతింటే మరుసటి కారులో కోలుకోవచ్చు. చెక్కిన రాయి పెచ్చు ఊడినా, తవ్వని దిబ్బలో పొరలు కలిసిపోయినా తిరిగి పొందే మార్గం లేదు. కాబట్టి ఇక్కడ మొక్కను పీకివేయడం లక్ష్యం కాకూడదు. వేరు ఉన్నచోటనే, కదలకుండా చనిపోవాలి. ఆ తరువాతి పనులన్నీ దీనిని అనుసరించే సాగాలి.

మొక్క ఎలా చేరుతుంది, ఎలా చెరుపుతుంది

కట్టడాలకు అత్యధిక నష్టం కలిగించేవి ఫైకస్ ప్రజాతికి చెందిన రావి, మర్రి, జువ్వి, మేడి. వీటి పండ్లను గోరింకలు, కోకిలలు, పికిలిపిట్టలు, పచ్చ పావురాలు, గబ్బిలాలు తిని గోడల మీద, శిఖరాల మీద రెట్ట వేస్తాయి. విత్తనం ఆవగింజ కంటే చిన్నది. అతి సన్నని పగులులో కూడా ఇముడుతుంది. అడవిలో ఈ చెట్లకు ఇతర చెట్ల కొమ్మల పంగలలో, మట్టి లేని చోట మొలిచి బతికే అలవాటు సహజంగానే ఉంది. పాత కట్టడంలోని డంగు సున్నపు అతుకు వాటికి అంతకంటె మేలైన చోటు. పొడిబారిన సున్నం, ఇసుక, గాలికి చేరిన దుమ్ము, పక్షి రెట్టలోని నత్రజని, వాన నీటిని నిలిపే సూక్ష్మ రంధ్రాలు కలిసి అక్కడ ఒక నారుమడి ఏర్పడుతుంది. 1213లో నిర్మించిన పాలంపేట రామప్ప ఆలయ శిఖరంలో వాడిన తేలిక ఇటుకల వంటి సచ్ఛిద్ర పదార్థం ఉన్నచోట తేమ మరింత కాలం నిలుస్తుంది కనుక మొలకలపై నిఘా కూడా ఎక్కువ కావాలి.

వేరు రాయిని పగులగొడుతుందని సామాన్యంగా అంటారు. యాంత్రిక శాస్త్రం ప్రకారం జరిగేది కొంత వేరు. వేరు కొన పెరిగేటప్పుడు చూపే గరిష్ఠ ఒత్తిడి సాధారణంగా 0.5 నుండి 1 మెగాపాస్కల్ వరకు ఉంటుంది. గ్రానైట్ రాయి తట్టుకునే నొక్కుడు బలం 100 మెగాపాస్కల్‌కు మించి ఉంటుంది. అందువల్ల గట్టి రాయిని వేరు నేరుగా చీల్చదు. శతాబ్దాల నాటి సున్నపు అతుకుకు లాగుడును తట్టుకునే శక్తి మాత్రం చాలా తక్కువ. వేరు అతుకులో దూరి, ఏటేటా లావెక్కుతూ రాళ్ళను పక్కకు నెడుతుంది. ఆ సందులో నీరు చేరి మిగిలిన సున్నాన్ని కరిగిస్తుంది. వేరు విడిచే కార్బన్ డయాక్సైడు, సేంద్రియ ఆమ్లాలు ఆ కరుగుదలను వేగవంతం చేస్తాయి. గాలివానలో పైన ఊగే కొమ్మలు మీటకోల వలె పనిచేస్తాయి. ముందే పగుళ్ళున్న ఇసుకరాయికీ, పొరలు పొరలుగా ఊడే పలకరాయికీ ముప్పు ఇంకా ఎక్కువ.

కోత ఎందుకు విఫలమవుతుంది

కొమ్మను కోసినప్పుడు కొన మొగ్గ ఆధిపత్యం తొలగి, మొదలు దగ్గర నిద్రాణంగా ఉన్న మొగ్గలు మేల్కొంటాయి. వాటికి కావలసిన ఆహారం వేరులో పిండిపదార్థంగా నిలువ ఉంటుంది. పిలకలు కొన్ని వారాలు ఆ నిలువను వాడుకుని, ఆకులు విప్పారిన తరువాత తిరిగి నింపుతాయి. ఏడాదికి ఒక్కసారి కోస్తే వేరుకు నిలువ నింపుకోవడానికి పదకొండు నెలల గడువు దొరికినట్లే. తుంగ గడ్డలను ఒక్కసారి దున్ని వదిలిన రైతుకు ఎదురయ్యే అనుభవమే ఇది. పిలకలను ప్రతి మూడు వారాలకు ఒకసారి తొలగిస్తూ పోతే నిలువ తరిగి మొక్క చావవచ్చు. కానీ ఎత్తైన బురుజు మీదికి, శిఖరం మీదికి ఏడాదికి పదిహేడు సార్లు మనిషిని ఎక్కించడం ఆచరణలో సాధ్యం కాదు. ఆ ఎక్కడం దిగడం వల్లనే కట్టడం దెబ్బతింటుంది.

రెండాకుల నుండి ఆరాకుల దశ వరకు మాత్రమే మొక్కను చేతితో తీయవచ్చు. వాన కురిసి అతుకు మెత్తబడిన మర్నాడు, మొదలు దగ్గర రెండు వేళ్ళతో పట్టి, వేరు వెళ్ళిన దిశలోనే మెల్లగా లాగాలి. సున్నం కదులుతున్నట్లు అనిపించిన క్షణమే ఆపి, మొక్కను కత్తిరించి మందు పూత విధానానికి మారాలి. రావిని నరకడానికి కూలీలు వెనుకాడడం అందరికీ తెలిసిన విషయం. ఆ సంకోచాన్ని వాదనతో తీసివేయనక్కరలేదు. ఈ లేత దశలో తీసిన మొలకను సంచిలో నాటి ఊరి చెరువు గట్టుకు తరలిస్తామంటే అభ్యంతరం సాధారణంగా ఉండదు, మొక్కా బతుకుతుంది. ఆలస్యమైన కొద్దీ ఈ వెసులుబాటు పోతుంది.

కోసిన మోడుకు మందు పూత

పెన్సిలు లావు దాటిన మొక్కకు సరైన పద్ధతి మోడు పూత. గ్లైఫోసేట్ మొక్కలోని ఇపిఎస్‌పిఎస్ అనే ఎంజైమును అడ్డుకుని, అవసరమైన అమైనో ఆమ్లాల తయారీని ఆపుతుంది. ఆహారం ప్రవహించే పోషక కణజాలం గుండా ఇది వేరు చివరి వరకు చేరుతుంది. ఇక్కడ దాని ప్రయోజనమంతా ఈ అంతర్వాహక గుణమే.

ముందుగా కొమ్మలను పై నుండి కిందికి అంచెలంచెలుగా దించాలి. ఒక్కసారిగా పడవేస్తే బరువుకు రాళ్ళు ఊడతాయి. చివరి కోత రంపంతో, గోడకు వీలైనంత దగ్గరగా, చదునుగా ఉండాలి. గొడ్డలి దెబ్బ అదురు అతుకులకు మంచిది కాదు. కోసిన వెంటనే ఫైకస్ మొక్కల నుండి పాలు కారతాయి. ఆ పాలు గడ్డకట్టి కోతను మూసివేస్తాయి. గుడ్డతో పాలను తుడిచి, కొన్ని నిమిషాలలోపే 41 శాతం ద్రవరూప గ్లైఫోసేట్‌ను నేరుగా గాని, సగానికి సగం నీటితో కలిపి గాని, సన్నని కుంచెతో బెరడుకు లోపలి అంచున ఉండే వలయానికి పూయాలి. మధ్యలోని చేవ నిర్జీవ కణజాలం. దాని మీద పూసిన మందు వృథా. అరగంట ఆగి పూసినా ఫలితం బాగా తగ్గుతుంది. మోడు సన్నగా ఉంటే కుంచెకు బదులు ఇంజెక్షను సిరంజి నయం.

సున్నపు కట్టడాలలో ఈ పద్ధతి విఫలమైనప్పుడు ఎవరూ అంతగా పట్టించుకోని ఒక కారణం ఉంది. గ్లైఫోసేట్ కాల్షియంతో బంధం ఏర్పరచుకుని నిష్క్రియమవుతుంది. కఠిన జలంతో కలిపిన మందు పొలంలో సరిగా పనిచేయకపోవడానికి కారణం ఇదే. రంపం తిరిగేటప్పుడు రాలిన సున్నపు పొడి కోత మీద ఉండిపోతే మందు ఆ పొడితోనే కలిసిపోతుంది. అందుచేత కోతను శుభ్రపరచి పూయాలి. కలపడానికి వాన నీరు లేదా శుద్ధజలం వాడాలి. ఇదే రసాయన చర్య రాతి వైపు నుండి చూస్తే మరింత ముఖ్యం. అమరావతి, నాగార్జునకొండ శిల్పాలు పల్నాటి సున్నపురాయివి, అంటే కాల్షియం కార్బొనేటు. ఆమ్ల గుణం, కాల్షియంను పట్టుకునే స్వభావం రెండూ ఉన్న మందు చుక్క ఆ రాతి మీద పడకూడదు. ఏ రాతి కట్టడం మీదనైనా పిచికారీ నిషిద్ధం. రంధ్రాలలో ఇంకిన లవణాలు, జిగురు పదార్థాలు బయటికి రావు.

కాలం కూడా ముఖ్యమే. రావి ఎండాకాలం ముందు ఆకు రాల్చి కొత్త చిగురు వేస్తుంది. ఆ సమయంలో ఆహారం వేరు నుండి పైకి ప్రవహిస్తుంది కనుక మందు కిందికి దిగదు. ఆకులు ముదిరి, వేరు నిలువలు నింపుకునే అక్టోబరు నుండి డిసెంబరు వరకు పూసిన మందు బాగా దిగుతుంది. జంగిల్ క్లియరెన్స్ పనులు ఎక్కువగా వేసవిలో, నిధులు ఖర్చుచేయవలసిన మార్చి నెలలో జరుగుతుండడం దురదృష్టకరం.

వేరు చనిపోయిందని ధ్రువపడే వరకు, అంటే కనీసం రెండు చిగురు కాలాలు గడిచే వరకు, దానిని కదపరాదు. లావు వేరు అప్పటికే రాళ్ళ బరువు మోస్తూ ఉండవచ్చు. అది కుళ్ళిన కొద్దీ లోపల సొరంగం ఏర్పడుతుంది. కాబట్టి కుళ్ళిన భాగాన్ని కొద్దికొద్దిగా తీస్తూ పలుచని సున్నపు పాలను ఎక్కించడం సంరక్షణ ఇంజనీరు పని. సిమెంటు వద్దు. అది పాత సున్నం కంటె గట్టిది, తేమను బయటికి పోనివ్వదు, కరిగే లవణాలను తెస్తుంది. తరువాతి పగులు సిమెంటులో కాక దాని పక్కనున్న పాత రాతిలో వస్తుంది.

చట్టం సంగతి. దేశంలో గ్లైఫోసేట్ లేబుల్ అనుమతి తేయాకు తోటలకు, పంటలేని ప్రదేశాలకు పరిమితం. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం దాని వాడకాన్ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్ల ద్వారానే జరగాలని నిర్దేశిస్తూ ఉత్తర్వు వెలువరించింది. తెలుగు రాష్ట్రాలు కూడా పలుమార్లు పరిమితులు విధించాయి. సలహా ఇచ్చే నాటికి అమలులో ఉన్న నిబంధన ఏమిటో చూసుకోవడం శాస్త్రవేత్త బాధ్యత. 1958 నాటి ప్రాచీన కట్టడాలు, పురావస్తు స్థలాల చట్టం కింద రక్షిత స్థలంలో అనుమతి లేకుండా తవ్వకం కూడదు. చెట్టు మొదలు చుట్టూ గొయ్యి తీయడం కూడా తవ్వకమే.

ఊళ్ళలో ప్రచారంలో ఉన్న చిట్కాల గురించి ఒక మాట. మోడుకు రంధ్రం చేసి ఇంగువ కూరడం వల్ల రాతికి హాని లేదు, చెట్టుకు చావూ లేదు. ఉప్పు పోయడం చాలా ప్రమాదకరం. ఉప్పు రాతి రంధ్రాలలోకి చేరి, ఆరినప్పుడల్లా స్ఫటికాలుగా ఉబ్బి పైపొరను పొట్టులా రాల్చుతుంది. మైలుతుత్తం నీలి మరక వదులుతుంది. ఆమ్లం సున్నాన్ని పొంగించి కరిగిస్తుంది. డీజిలు మరక ఇటుకలో శాశ్వతంగా ఉండిపోతుంది. నిప్పు పెట్టడం వీటన్నింటికంటె చెడ్డది. గ్రానైట్‌లోని క్వార్ట్జ్ 573 డిగ్రీల సెల్సియస్ వద్ద రూపం మార్చుకుని వ్యాకోచిస్తుంది, అంతకంటె తక్కువ వేడికే రాతి పైపొర పెచ్చులుగా లేస్తుంది. నాచు, లైకెన్ల విషయం వేరు. అది పూర్తిగా పురావస్తు రసాయన విభాగానికి వదలవలసిన పని.

పాటిదిబ్బలు, సర్కారు తుమ్మ

కట్టడం మీది చెట్టు అందరికీ కనిపిస్తుంది. తవ్వని దిబ్బ మీది చెట్టు చేసే నష్టం ఎవరికీ కనిపించదు. పాత ఊళ్ళు కూలి ఏర్పడిన పాటిదిబ్బల మట్టిని రైతులు తరతరాలుగా బండ్లతో పొలాలకు తోలుకున్నారు. బూడిద, పేడ, ఎముకల వల్ల ఆ మట్టిలో భాస్వరం సమృద్ధిగా ఉంటుందన్నది వారి అనుభవం. అదే సారం కలుపును కూడా పోషిస్తుంది. పాలమూరు ప్రాంతంలోని ఉట్నూరు బూడిద దిబ్బను 1957లో తవ్విన రేమండ్ ఆల్చిన్, అది నవీన శిలాయుగపు పశువుల దొడ్లలో పేడ పేరుకుని కాలగా ఏర్పడినదని నిరూపించారు. పశుపోషణ చరిత్రకు ఇటువంటి దిబ్బలే మూలాధారం కనుక వీటి విషయంలో వ్యవసాయ శాస్త్రవేత్తలకు ప్రత్యేక శ్రద్ధ ఉండడం సముచితం.

దిబ్బలోని సాక్ష్యమంతా పొరల వరుసలో ఉంటుంది. వేరు ఆ పొరలను గుచ్చుకుంటూ దిగుతుంది. చచ్చిన తరువాత మిగిలిన బొరియలో పై మట్టి, పై పొర గింజలు, పూసలు కిందికి జారుతాయి. రేడియోకార్బన్ కాల నిర్ణయానికీ చిక్కు వస్తుంది. 4,500 ఏళ్ళ నాటి బొగ్గు నమూనాలో 5 శాతం ఆధునిక కర్బనం కలిస్తే లెక్క ప్రకారం అది సుమారు 300 ఏళ్ళు తక్కువ వయసుదిగా తేలుతుంది. ప్రయోగశాలలో సన్నవేర్లను ఏరి, ఆమ్ల, క్షార ద్రావణాలతో శుద్ధి చేస్తారు. అయినా వేర్లు అల్లుకుపోయిన దిబ్బ నుండి నమ్మదగిన నమూనా ఎంచుకోవడం కష్టం.

ఈ దిబ్బల మీద ప్రధాన శత్రువు సర్కారు తుమ్మ, అనగా ప్రోసోపిస్ జూలిఫ్లోరా. మన దేశంలో దీనిని తొలుత నాటిన చోట్లలో కడప జిల్లా కమలాపురం ఒకటి. అది 1870ల చివరి మాట. వంటచెరకు కోసం తెచ్చిన ఈ చెట్టు నేడు రాయలసీమ, పాలమూరు కోటల ఆవరణలను, దిబ్బలను కప్పివేస్తోంది. దీనికి దగ్గరి బంధువైన ఒక అమెరికా జాతి వేరు అరిజోనా గనిలో 50 మీటర్లకు పైగా లోతున బయటపడింది. మేకలు, పశువులు కాయలు తిని పేడలో విత్తనాలను వెదజల్లుతాయి.

సర్కారు తుమ్మ పిలకల మొగ్గలు నేలమట్టానికి జానెడు కింద, వేరు మెడ వద్ద కూడా ఉంటాయి. అందుకే పొలంలో దీనిని జేసీబీతో వేళ్ళతో సహా పెకలించమంటారు. దిబ్బ మీద ఆ సలహా పాటిస్తే ఒక్కో చెట్టుతో బండెడు పొరలు తిరగబడతాయి. దొంగ తవ్వకాలకూ దీనికీ ఫలితంలో తేడా ఉండదు. నేలమట్టానికి రంపంతో కోసి, పైన చెప్పిన విధంగా వెంటనే మోడు పూత వేయాలి. పిలకలు వస్తే మళ్ళీ కోసి మళ్ళీ పూయాలి. అమెరికా, ఆస్ట్రేలియాలలో ట్రైక్లోపైర్‌ను డీజిలుతో కలిపి మొదలు బెరడుకు పూస్తారు గాని, డీజిలు ఇంకే ఆ పద్ధతిని దిబ్బలకు సిఫారసు చేయరాదు. కోసిన కంపను దిబ్బ మీద ఈడ్వకుండా మోసుకుపోవాలి, అక్కడ కాల్చకూడదు. కొత్త బూడిద, కొత్త బొగ్గు పాత సాక్ష్యంలో కలుస్తాయి, పైపొర పెంకులు మళ్ళీ వేడెక్కితే ఉష్ణదీప్తి కాల నిర్ణయానికి పనికిరావు. కాయలు రాలే కాలంలో మేకలను రానీయకుండా ముళ్ళకంచె వేస్తే సగం శ్రమ తగ్గుతుంది.

గడ్డిని ఉంచవలసిన చోట్లు

మొక్క కనిపిస్తే తీసివేయాలన్న పట్టుదల కూడా నష్టమే చేస్తుంది. వరంగల్ మట్టికోట వంటి మట్టి కట్టలను వాన తాకిడి నుండి కాపాడేది గడ్డి పొరే. దానిని గీకివేస్తే ఒక్క వానాకాలంలోనే వాలులో చాళ్ళు పడతాయి. అక్కడ సర్కారు తుమ్మ, సుబాబుల్, లాంటానా వంటి చెట్లను, పొదలను తీసి, పీచువేరు గల గరిక, అంజన్ గడ్డిని నిలపాలి. శిథిల గోడల నెత్తిన పచ్చిక పొరను కప్పితే ఉష్ణోగ్రత, తేమ మార్పులు తగ్గుతాయని ఇంగ్లండులో జరిగిన పరిశోధనలు చూపాయి. మన ఎండలకు, నాలుగు నెలల వానకు అది ఎంతవరకు సరిపోతుందో తేల్చే క్షేత్ర ప్రయోగం స్నాతకోత్తర విద్యార్థులకు మంచి పరిశోధనాంశం. తొట్లకొండ వంటి చోట్ల బయల్పడిన ఇటుక పునాదులలో మాత్రం గరికకు చోటివ్వకూడదు. అక్కడ దానిని లాగితే ఇటుక కదులుతుంది. కత్తెరతో పదేపదే కత్తిరించి నీరసింపజేయడమే దారి.

యంత్రంతో గడ్డి కోసేటప్పుడు నైలాన్ తీగ పీఠం రాళ్ళకు తగిలి గీతలు పెడుతుంది కనుక అడుగున్నర మేర వదిలి చేతి కత్తెరతో కోయాలి. వయ్యారిభామను పూతకు ముందే, చేతి తొడుగులతో తీయాలి. దాని మీద 1984లో దేశంలో విడుదల చేసిన మెక్సికన్ పెంకు పురుగు, జైగోగ్రామా, వానాకాలంలో ఆకులను తింటుంది. నేల కదలని నివారణ కావడం వల్ల పురావస్తు స్థలాలకు ఇది తగినదే, అయితే దీని మీదే ఆధారపడితే సరిపోదు. స్మారకాల చుట్టూ స్ప్రింక్లర్లతో తడిపే పచ్చిక బయళ్ళు మాత్రం సౌందర్యం పేరిట జరిగే పొరపాటు. గోడ అడుగు నుండి పైకి పాకే తేమ, అది తెచ్చే లవణాలు, ఆ తేమలో మొలిచే రావి అన్నీ ఆ నీటి నుండే వస్తాయి. గోడకు కనీసం కొన్ని మీటర్ల దూరం వరకు తడి పెట్టకుండా ఉండడం మేలు.

ప్రతి కట్టడానికి గోడల పటం గీసి, ఒక్కో మొక్కకు ఒక సంఖ్య ఇచ్చి, జాతి, మొదలు చుట్టుకొలత, కోసిన తేదీ, పూసిన మందు, తిరిగి వచ్చిన పిలకల సంఖ్య రాయాలి. మొదటి పూత తరువాత మూడు నెలలకు, ఆరు నెలలకు, మరుసటి వానాకాలం చివర తిరిగి చూడాలి. పక్కనున్న పెద్ద రావిని, మర్రిని విత్తనాల భయంతో కొట్టివేయనక్కరలేదు. పక్షులు ఎంత దూరం నుండైనా తెస్తాయి. అంతకంటె పైకప్పు మీది నీటి తూములను పూడిక లేకుండా ఉంచడం ప్రయోజనకరం. వానలు వెలిసిన మూడు నాలుగు వారాలకు పరిశీలన మొదలుపెట్టేటప్పుడు కూడా ముందు ఆ తూములనే చూడాలి. పూడిక మట్టి, తడి కలిసి ఉండే చోటు కనుక తొలి మొలకలు అక్కడే కనిపిస్తాయి.